శ్రీలంక ఆధునిక నృత్యానికి ఆద్యులెవరు? చిత్రసేన ఒక్కరేనా?

నూపురధ్వని
మా నృత్యపాఠశాల వార్షిక సంచిక కోసం శ్రీలంకలో ఆధునిక నృత్యం ఎలా మొదలైందో ఒక వ్యాసం రాయవలసి వచ్చింది. ఏ పుస్తకం తెరిచినా చిత్రసేన పేరే, ఆ వెంటనే ఆయన భార్య వజిర పేరే కనిపిస్తున్నాయి. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మోకాళ్ళు పక్కలకు తెరిచి వంగి నిలబడే తీరు, భుజాల ఎత్తున నిలిపిన చేతులు, మద్దెల జతులు, వారి బృందం వీడియోలలో నేను చూసినవన్నీ శ్రీలంక కొండప్రాంతపు కాండీ సంప్రదాయానివే. పాత అడుగులను కొత్త వేదిక ఎక్కించినంత మాత్రాన అది ఆధునికం అవుతుందా? ఇక రెండవది, ఒక్క మనిషి ఒక దేశపు నృత్యాన్నంతటినీ మార్చాడని రాయడానికి నాకు చేయి రావడం లేదు. అక్కడి సంగతులు తెలిసినవారు చెప్పగలరు.

చెన్నపట్నం_చిన్నోడు
ఒక్కరే చేశారని రాస్తే వ్యాసం అరపేజీలో ముగుస్తుంది. సంచిక సంపాదకులకు అంతకన్నా కావలసింది ఏముంటుంది?

కొలంబో_కాపురం
ఉద్యోగరీత్యా కొలంబోలో చాలాకాలం ఉన్నాను కనుక తెలిసినంత చెబుతాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు అడుగులలో దొరకదు. అంతకుముందు ఆ అడుగులను ఎవరు, ఎక్కడ, ఎవరి కోసం వేసేవారో చూడాలి.

కాండీ నృత్యానికి మూలం కొహొంబ కంకారియ అనే క్రతువు. సింహళుల తొలి రాజు విజయుడు విడిచిపెట్టిన భార్య కువేణి శాపం తరువాతి రాజైన పండువాసుదేవుణ్ణి పీడించిందనీ, ఆ దోషం పోగొట్టడానికి మలయరాజును పిలిపించి ఈ క్రతువు చేయించారనీ ఐతిహ్యం. రాత్రంతా సాగే ఆ క్రతువులో నర్తించేవారు పురుషులు, అదీ బెరవా అనే కులానికి చెందిన వంశపారంపర్య నర్తకులు. వెస్ అనే వెండి శిరోభూషణాన్ని తొలిసారి ధరించడానికి ప్రత్యేకమైన దీక్ష ఉండేది. అది అలంకారం కాదు, పూజనీయమైన వస్తువు. ఇలాంటి కుటుంబాలలో చాలావాటికి ఆలయసేవకు ప్రతిఫలంగా భూమి అనుభవించే హక్కు ఉండేది. మన దేవాలయ మాన్యాల వంటిదే అనుకోండి. నర్తకుడు ఒక పాత్రగా మారి, ఒకే కథను మొదటి నుంచి చివరి దాకా రంగస్థలం మీద నడిపించే పద్ధతి ఆ క్రతువులో లేదు. టికెట్ కొనుక్కుని చీకట్లో కూర్చునే ప్రేక్షకుడు అసలే లేడు.

ఇప్పుడు చిత్రసేనను చూడండి. 1921లో కెలనియ సమీపంలో, ఆ కులంతో సంబంధం లేని కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మారిస్ డయస్. తండ్రి సీబర్ట్ డయస్ షేక్‌స్పియర్ పాత్రలు ధరించిన నటుడు, నాటక నిర్మాత. 1936లో ఆ తండ్రే 'సిరి సంగబో' అనే నృత్యనాటకాన్ని నిర్మించి, కౌమారం దాటని కుమారుడికి ప్రధానపాత్ర ఇచ్చారు. కాండీ నృత్యం కథ చెప్పే సాధనంగా ఆధునిక రంగస్థలం మీదికి రావడానికి దాన్నే తొలి అడుగుగా చెబుతారు. ఆ అడుగు ఎంత పాతదైనా, దాన్ని వేసిన మనిషీ, వేయించిన కారణమూ కొత్తవి. నా లెక్కలో ఆధునికత అంటే అదే.

పెన్న_ఒడ్డు
పై వాదన బాగానే ఉంది గానీ, కథ నడిపే పాత్రధారణ సింహళ సంప్రదాయానికే కొత్తదని ఎవరూ అర్థం చేసుకోకూడదు. దక్షిణ తీరపు పహతరట సంప్రదాయంలో ముసుగులు ధరించి ఆడే కోలం ఉంది, అందులో పాత్రలూ ఉన్నాయి, హాస్యమూ ఉంది. కంకారియలోనూ నవ్వించే ఘట్టాలు ఉంటాయి. కొలంబో_కాపురం గారు కాండీ కొండల నుంచి చూస్తూ సముద్రతీరాన్ని మరిచిపోయారు.

కొలంబో_కాపురం
మరిచిపోలేదు, పెన్న_ఒడ్డు గారూ. నేను చెప్పినది కాండీ క్రతువు గురించే. కోలం ఉన్నమాట నిజం, కానీ 1930లలో కొలంబోలోని ఇంగ్లీషు చదువుల కుటుంబాలు కోలాన్ని గానీ కంకారియను గానీ కళగా లెక్కపెట్టలేదు. అవి వారి దృష్టిలో పల్లెటూరి దయ్యాల ఆటలు. ఆ చూపును తిప్పడమే అసలు కష్టమైన పని.

పాత_సంచిక
ఆ చూపు తిరగడం చిత్రసేనతో మొదలు కాలేదు. కనుక నూపురధ్వని గారి రెండవ అభ్యంతరం న్యాయమైనదే.

కాండీ నర్తకులు వారి గడపదాటి చాలా ముందే వెళ్ళారు. 1880లలో కార్ల్ హాగెన్‌బెక్ అనే జర్మన్ జంతువ్యాపారి సిలోన్ మనుషులనూ ఏనుగులనూ కలిపి ఒకే ప్రదర్శనగా యూరప్ నగరాలలో తిప్పాడు. నృత్యాన్ని గౌరవించడం అక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు. 1930లలో గాలి మారింది. పియానో వాద్యకారుడు, ఛాయాచిత్రకారుడు అయిన లయనెల్ వెండ్ట్ కాండీ నర్తకులకు అండగా నిలిచాడు. 1934లో వెలువడిన ఒక ప్రసిద్ధ బ్రిటిష్ డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం వినిపించినది ఆయనే, అందులో నర్తించినది గుణాయ, ఉక్కువ, సురంబ అనే సంప్రదాయ కళాకారులు. అదే సంవత్సరం మే నెలలో టాగోర్ శాంతినికేతన్ బృందంతో సిలోన్‌కు వచ్చి 'శాపమోచన్' నృత్యనాటకం ప్రదర్శించారు, హొరణలో విల్మట్ పెరేరా తలపెట్టిన శ్రీపాళి విద్యాసంస్థకు పునాదిరాయి వేశారు. చదువుకున్న కుటుంబాల పిల్లలు, ఆడపిల్లలతో సహా, వేదిక మీద నర్తించడం తప్పు కాదన్న సంగతిని కొలంబో పెద్దమనుషులు కళ్ళారా చూసినది అప్పుడే. కాండీ నృత్యం టాగోర్‌కు ఎంతో నచ్చింది, శాంతినికేతన్ నుంచి శాంతిదేవ్ ఘోష్ దాన్ని నేర్చుకోవడానికి సిలోన్ వెళ్ళారు.

స్త్రీల విషయంలోనూ వజిరకు ముందు మెట్టు ఒకటి ఉంది. ఉన్నతవర్గానికి చెందిన మిరియం పియరిస్, చిత్రకారుడు జె.డి.ఎ. పెరేరా భార్య చంద్రలేఖ, ఇద్దరూ కాండీ నృత్యం నేర్చుకుని ప్రదర్శించారు. ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

నూపురధ్వని
మిరియం పియరిస్ పేరు నేను చదివిన చోట ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. అలాంటప్పుడు తొలి మహిళా నర్తకి అని వజిరను ఎందుకు అంటారు?

పాత_సంచిక
తొలి వృత్తి నర్తకి అంటారు. ఆ ఒక్క విశేషణంలోనే తేడా అంతా ఉంది. ముందటివారు వేదిక ఎక్కి దిగారు, వజిర జీవితమంతా దానికే ఇచ్చారు.

వంశధార
ఇంతవరకు అందరూ టాగోర్, వెండ్ట్, డయస్, పియరిస్ అంటున్నారు. ఆ నృత్యాన్ని తరతరాలుగా ఒంట్లో దాచుకుని అప్పగించినవారి పేర్లు ఎక్కడ? చిత్రసేనకు నేర్పినవారు ఆల్గమ కిరిగణిత, ముద్దనావె అప్పువ, బెవిల్గమువె లపయ. పల్లెలలో పెద్దకులాల వారి ఎదుట సమానంగా కూర్చునే వీలు లేని కుటుంబాల గురువులు వీరు. శిష్యుడు దేశానికి ఆధునిక నృత్యపితామహుడు అయ్యాడు, గురువులు ఫుట్‌నోటులో మిగిలారు.

ఇది మనకు తెలియని కథ కాదు. మన కళావంతుల ఇళ్ళలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వారిని ఆలయాల నుంచీ ఉత్సవాల నుంచీ తప్పించింది. వారి అభినయం మాత్రం ఇతరుల వేదికల మీద గౌరవం పొందింది. శ్రీలంకలో అలాంటి నిషేధచట్టం అవసరం కూడా పడలేదు. నృత్యం బడులలోకి, ప్రభుత్వ కళాశాలలలోకి, రాజధాని వేదికల మీదికి వచ్చేసరికి దాని ముఖం దానంతట అదే మారిపోయింది.

మద్దెల_మోత
వంశధార గారు అన్నదానిలో సగమే ఒప్పుకుంటాను. బెరవా కుటుంబాల వారందరూ ఫుట్‌నోటులో ఉండిపోలేదు. పాణిభరత ఉన్నారు కదా. ఆల్గమ వంశపారంపర్య కుటుంబం నుంచి వచ్చి, శాంతినికేతన్‌లో చదివి, తరువాత కొలంబోలో ప్రభుత్వ నృత్యకళాశాలకు అధిపతి అయ్యారు. పాఠశాలల్లో నృత్యం నేర్పిన ఉపాధ్యాయులలో ఎందరో ఆయన చేతిమీదుగా తయారైనవారే. చిత్రసేన వేదికను మారిస్తే పాణిభరత తరగతిగదిని మార్చారని నా అభిప్రాయం. నూపురధ్వని గారు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి రాస్తే వ్యాసానికి మంచి బలం వస్తుంది.

వంశధార
పాణిభరతను నేను మరిచిపోలేదు. ఒక్కరు పైకి వచ్చారు కనుక అందరికీ న్యాయం జరిగిందని చెప్పడానికి మాత్రం వీల్లేదు. డోలు వాయించేవారి సంగతి ఏమిటి? వేదిక మీద నర్తకుడి పేరు పెద్ద అక్షరాలలో వేస్తారు, వాద్యకారుల పేర్లు ఎవరికి గుర్తుంటాయి?

మద్దెల_మోత
వాద్యకారుడిని కనుక ఆ బాధ నాకూ ఉంది. ప్రపంచంలో ఏ మూలకు వెళ్ళినా మద్దెల వాయించేవాడి కుర్చీ తెర వెనుకే ఉంటుంది, మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా అంతే.

చెన్నపట్నం_చిన్నోడు
కాండీని 1739 నుంచి 1815లో ఇంగ్లీషువారి చేతికి చిక్కేదాకా ఏలినది మదురై నాయక సంబంధం ఉన్న నాయక్కర్ రాజులు. వారి మూలాలు తెలుగువి. వన్నాలు అనే ప్రసిద్ధ నృత్యాలు పద్దెనిమిది. అవి వారికి కాస్త ముందు, నరేంద్రసింహుని ఆస్థానంలో రూపు దిద్దుకున్నాయని సంప్రదాయం. ఆ రాజు కూడా మదురై నుంచే పెళ్ళి చేసుకున్నాడు. అంటే ఏనుగు నడకను చూపే గజగ వన్నములో మన ఏనుగు కూడా ఒకటి నడుస్తోందన్నమాట.

పెన్న_ఒడ్డు
వచ్చింది మనదేనన్న మాట! పెళ్ళికూతురి ఊరును బట్టి అల్లుడి ఆస్థాన నృత్యానికి పేటెంట్ తీసుకుంటే ఎలా? నాయక్కర్ల చరిత్ర నిజమే గానీ, దానికీ 1936లో కొలంబో వేదిక మీద జరిగినదానికీ ముడి వేయకండి.

డల్లాస్_తెలుగోడు
అసలు ప్రశ్న అడుగుల గురించి కనుక దానికి తిరిగి వస్తాను. బెంగళూరు దగ్గరి నృత్యగ్రామ్ ఒడిస్సీ బృందమూ చిత్రసేన బృందమూ కలిసి చేసిన 'సంహార'ను అమెరికాలో చూశాను. 2012లో మొదలైన ప్రదర్శన అది. రెండు సంప్రదాయాల వారూ పక్కపక్కన నిలబడితే, మీరు పాతవి అంటున్న ఆ కాండీ అడుగులలో ఎంత చెక్కుడు పని జరిగిందో తెలుస్తుంది. క్రతువులో నేల అదిరేలా దూకే నృత్యం వారి శరీరాలలో ఎక్కడికక్కడ ఆగి, తీగ సాగినట్టు సాగుతోంది. ఆ సాగడం కంకారియ నుంచి వచ్చినది కాదు, వజిర నుంచి వచ్చినది.

కొలంబో_కాపురం
సరిగ్గా ఆ సంగతే విస్తరించి చెప్పాలనుకున్నాను. ఆద్యులు అనగానే మనం పురుషుడి వైపు చూస్తాం. నా మట్టుకు నాకు వజిర పనే ఎక్కువ విప్లవాత్మకమైనదని అనిపిస్తుంది. 1932లో పుట్టిన ఆమె చిత్రసేన వద్దే నేర్చుకుని, 1950లో ఆయన్ను పెళ్ళాడారు. పురుషుల శరీరం కోసం తయారైన నృత్యం ఆమె చేతికి వచ్చింది. దాన్ని అలాగే అనుకరించలేదు, సుకుమారంగా పలచబరచనూ లేదు. పునాది నిలకడను ఉంచుకుని దానికి లాస్యాన్ని జోడించారు, స్త్రీలకు తగిన ఆహార్యం ఏర్పరిచారు. అంతకన్నా ముఖ్యంగా, కాండీ నృత్యానికి శరీరాన్ని సిద్ధం చేసే అభ్యాసాలను ఒక క్రమంలో కూర్చారు. సంప్రదాయంలో పా సరంబ, గొడ సరంబ అనే పాదాభ్యాసాలు ముందునుంచీ ఉన్నాయి. ఆమె వాటికి తోడుగా వెన్ను, మెడ, చేతులు, ఊపిరి అన్నిటికీ సాధన కల్పించారు. పిల్లల కోసం ప్రత్యేకంగా నృత్యనాటకాలు రచించినది కూడా ఆమే. శ్రీలంకలో నేడు నృత్యం నేర్చుకునేవారిలో ఆడపిల్లలే ఎక్కువ. వంద సంవత్సరాల కిందట ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వేవారు.

2020లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

నూపురధ్వని
మన కూచిపూడి కథకు ఇది అద్దం పట్టినట్టుంది. అక్కడా మగవారే ఆడేవారు, ఆడవేషాలు కూడా వారే కట్టేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు స్త్రీలకు నేర్పారు, వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టాక ఆడపిల్లలు వరుసకట్టారు.

వంశధార
పోలిక ఒకచోట ఆగిపోతుంది. కూచిపూడి భాగవతులు బ్రాహ్మణులు, బెరవా వారు అణగిన కులం. స్త్రీలు ప్రవేశించారన్న ఒక్క పోలికతో రెంటినీ ఒకే గాటకు కట్టవద్దు.

పెన్న_ఒడ్డు
ఈ మాటకు నా మద్దతు. ఇంకా విచిత్రం ఏమిటంటే, వజిరకు పేరు తెచ్చిన తొలి ప్రధానపాత్రలలో ఒకటి టాగోర్ కథ ఆధారంగా చేసిన 'చండాలి'లోని ప్రకృతి. బౌద్ధ భిక్షువుకు నీళ్ళు పోసిన అంటరాని పిల్ల కథ అది. కులం మీద కథను ఎంచుకున్న బృందం తన కింద ఉన్న నేల గురించి ఎంత ఆలోచించిందో తెలుసుకోవాలని నాకు కుతూహలంగా ఉంటుంది.

పాత_సంచిక
కొంత ఆలోచించింది అనడానికి ఒక ఆధారం ఉంది. చిత్రసేన పల్లె గురువులను వదిలించుకుని పైకి వెళ్ళలేదు, వారి దగ్గరే నేర్చుకుని వెస్ దీక్ష కూడా పొందారు. ఆ తరువాత తిరువాన్కూరు వెళ్ళి గురు గోపీనాథ్ వద్ద కథకళి నేర్చుకున్నారు, శాంతినికేతన్‌కూ వెళ్ళారు. 1944లో కొలంబోలోని కొల్లుపిటియలో కళాయతనం అనే నృత్యపాఠశాల స్థాపించారు. నృత్యం నేర్చుకోవడానికి కులం అడ్డురాని చోటు అది. దాన్ని తక్కువ చేయలేం.

వంశధార
ఆ తలుపులు తెరిచినందుకు ఆయనకు గౌరవం ఇస్తాను. ఎవరి ఇంటి తలుపులు తెరిచారన్నదే నా ప్రశ్న, అది అలాగే ఉంది.

డల్లాస్_తెలుగోడు
రచనల గురించి ఎవరైనా చెప్పండి. వ్యాసానికి అదే ప్రాణం కదా?

కొలంబో_కాపురం
సింహళంలో వీటిని ముద్రానాట్యాలు అంటారు. మూడింటిని గురించి తప్పక రాయాలి. దేశానికి స్వాతంత్ర్యం 1948లో వచ్చింది, 1949లో 'రావణ' వచ్చింది. లంకలో కూర్చుని రావణుణ్ణి నాయకుడిగా చూడడం ఆ కాలపు మనఃస్థితికి తగినదే. 1950లో 'నల దమయంతి' వచ్చింది. పురాణకథలోని హంసకు నృత్యంలో ఎంత చోటు ఉందో నూపురధ్వని గారికి చెప్పనక్కరలేదు.

నా దృష్టిలో అసలైన మలుపు 1961 నాటి 'కరదియ'. పేరుకు ఉప్పునీరు అని అర్థం. రాజులు లేరు, దేవతలు లేరు, శాపాలు లేవు. సముద్రతీరంలో బెస్తల ఊరు, అక్కడి ప్రేమ, కలిగినవాడి దౌర్జన్యం, అంతే. సిసి అనే యువతిగా వజిర నర్తించారు, అమరదేవ సంగీతం కూర్చారు. అలలనూ పడవనూ చూపించడానికి రంగస్థల సామగ్రి మీద ఆధారపడకుండా నర్తకుల శరీరాలనే వాడుకున్నారు. క్రతువు నుంచి వచ్చిన భాషలో జాలరి బతుకు చెప్పడం సాధ్యమేనని అక్కడ రుజువైంది. 'సిరి సంగబో' నుంచి 'కరదియ'కు పాతికేళ్ళు పట్టింది. నూపురధ్వని గారు మొదట అడిగిన ఆధునికం ఎక్కడ ఉంది అన్న ప్రశ్నకు ఆ పాతికేళ్ళ ప్రయాణాన్నే నేను చూపిస్తాను.

చెన్నపట్నం_చిన్నోడు
రావణుడి పక్షం వహించడం తెలుగువారికి కొత్త కాదు. మన ఊళ్ళలో రాముడి వేషానికి మనిషి దొరకడం కష్టం గానీ రావణుడి వేషానికి పోటీ ఉంటుంది.

పెన్న_ఒడ్డు
రావణుడి పేరు వచ్చింది కనుక ఒక లోటును చూపిస్తాను. ఈ చర్చలో శ్రీలంక అంటే సింహళం మాత్రమే అన్నట్టు మాట్లాడుతున్నాం. పెరదెనియ విశ్వవిద్యాలయంలో ఆచార్య విద్యానందన్ 1960లలో నాట్టుకూత్తు అనే తమిళ జానపద నృత్యనాటకాన్ని ఆధునిక రంగస్థలానికి తగినట్టు మలిచారు. రాత్రంతా ఆడే ఆటను కొద్ది గంటలకు కుదించి, నర్తనను పదును పెట్టి, విద్యార్థుల చేత ఆడించారు. వాటిలో 'రావణేశన్' ఒకటి, అందులో రావణుడిగా మౌనగురు నటించారు. అంటే ఒకే ద్వీపంలో, పదిహేనేళ్ళ తేడాలో, రెండు భాషలవారూ తమ పల్లెకళను ఆధునికం చేయడానికి రావణుణ్ణే పిలిచారు. విద్యానందన్‌కు ప్రేరణ ఇచ్చినది సింహళ నాటకకర్త సరచ్చంద్ర 1956లో ప్రదర్శించిన 'మనమే' అన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి. అప్పటికి రెండు వైపులవారూ ఒకరిది ఒకరు చూసేవారు.

నూపురధ్వని
ఈ సమాచారం నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. కూత్తును నృత్యంగా లెక్కించాలా, నాటకంగా లెక్కించాలా అన్న సందేహం ఉంది.

మద్దెల_మోత
యక్షగానాన్ని ఎందులో లెక్కిస్తారు? ఆ లెక్కతోనే దీన్నీ చూడండి. కాలు కదిలింది, మద్దెల మోగింది, నా వరకు అది చాలు.

పాత_సంచిక
కళాయతనం తరువాతి కథ కూడా ఒక్క మాటలోనైనా రాయండి. 1980ల ఆరంభంలో వారు కొల్లుపిటియలోని ఆ చోటును కోల్పోయారు. స్థిరమైన సొంత భవనం చాలా ఏళ్ళ తరువాతగానీ సమకూరలేదు. చిత్రసేన 2005లో మరణించారు. కుమార్తె ఉపేక, ఆ తరువాత మనవరాళ్ళు హేష్మ, తాజి బృందాన్ని ముందుకు నడిపారు. శిష్యులలో రవిబంధు విద్యాపతి వాద్యంలోనూ నృత్యంలోనూ తనదైన దారి వేసుకున్నారు. ఆయన తండ్రి సోమబంధు చిత్రసేన ప్రదర్శనలకు రంగాలంకరణ చేసిన కళాకారుడు. రంగాలంకరణ గురించి ఎవరూ రాయరు, మీరైనా రాయండి.

వంశధార
వ్యాసంలో ముగ్గురు గురువుల పేర్లు మొదటి పేరాలోనే ఉండాలన్నది నా కోరిక. చివర కృతజ్ఞతలలో కాదు.

నూపురధ్వని
మొదటి పేరాలోనే పెడతాను. ఇంకొక ప్రశ్న. సంచిక విడుదల రోజున పిల్లలకు ఒక వీడియో చూపించాలి. ఏది చూపించమంటారు?

డల్లాస్_తెలుగోడు
నృత్యగ్రామ్‌తో కలిసి చేసినదే చూపించండి. మన పిల్లలకు ఒడిస్సీ కొంత పరిచయం కనుక తేడా వెంటనే పట్టుకుంటారు.

కొలంబో_కాపురం
నేను ఒప్పుకోను. ముందు గజగ వన్నము ఒక్కటే, ఏ కలయికా లేకుండా చూపించండి. ఏనుగు నడక అని ముందుగా చెప్పకండి, వాళ్ళే చెబుతారు. మన పిల్లలు అరమండి తెలిసినవారు, కాండీవారు మోకాళ్ళు వంచి నిలిచే మండియను చూడగానే దగ్గరితనమూ దూరమూ రెండూ వారికే తెలుస్తాయి.

మద్దెల_మోత
ఏది చూపించినా ఫోను స్పీకరు మీద మాత్రం పెట్టవద్దు. గెట బెర అనే కాండీ డోలుకు రెండు వైపులా రెండు రకాల చర్మం బిగిస్తారు, రెండు నాదాలూ వేరు. చిన్న స్పీకరులో బొంగురు వైపు అసలు వినిపించదు, నర్తకుడు దేనికి ఆగాడో పిల్లలకు అర్థం కాదు. మంచి సౌండ్‌బాక్సు ఒకటి అద్దెకు తెప్పించండి.